శ్యామల మేడం చెప్పే ఆర్‌ఎన్‌ఏ పాఠం

చండ్రుగొండ దాటాక అడవి చిక్కబడే చోట ఒక కోయ గూడెం ఉంది. ఆ గూడెంలో జంపయ్య, చిన్నక్క దంపతులకు ఇద్దరు పిల్లలు. పెద్దది శ్యామల, చిన్నవాడు పవన్. శ్యామలకు ఊహ తెలిసినప్పటి నుంచీ గుర్తున్నది తమ్ముడి ఏడుపే. వానలు పడి నాట్లు జోరందుకున్నాయంటే చాలు, వాడికి కీళ్ళు పట్టుకునేవి. చల్లగాలి తగిలినా అంతే, వాగులో కాసేపు ఈత కొట్టినా అంతే. నులక మంచం మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని మెలికలు తిరిగేవాడు. కళ్ళు ఎప్పుడు చూసినా పసుపు పులిమినట్టు ఉండేవి.

చిన్నక్క ఇప్పనూనె కాచి కాళ్ళకు రాసేది. ఇసుక వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. పూజారి వచ్చి కోడిని కోసి వేల్పుకు మొక్కి పోయేవాడు. ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేసి పోయేవాడు. మరీ వాడి ముఖం పాలిపోయి లేవలేకపోతే కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయి రక్తం ఎక్కించుకొచ్చేవారు. నాలుగు నెలలు బాగుండేవాడు. మళ్ళీ మొదలు.

గూడెంలో తలా ఒక మాట. చిన్నక్క కడుపుతో ఉన్నప్పుడు ఇప్పపూలు ఏరడానికి చీకటితోనే అడవికి పోయిందనీ, అక్కడేదో సోకిందనీ అనేవారు. జంపయ్య మామూలప్పుడు ఏమీ అనేవాడు కాదు. రెండు గుక్కలు సారా పడితే మాత్రం నోరు ఆగేది కాదు.

"మా ఇంట్ల ఇసొంటి రోగం ఎవ్వలికన్న ఉన్నదానే? నీ పుట్టింటి కాడి నుంచి తెచ్చినవ్ నువ్వు."

చిన్నక్క పొయ్యిలో కట్టె ఎగదోస్తూ కూర్చునేది. ఆ మాట ఆమె మనసులో ఎక్కడో నిజమనే కూర్చుంది.

శ్యామల చదువులో గట్టిది. దమ్మపేట వైపు గిరిజన బాలికల గురుకులంలో ఇంటర్ బైపీసీలో చేరింది. అక్కడ బోటనీ చెప్పే నిర్మలాదేవి మేడం వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర భూములు కొని స్థిరపడ్డవాళ్ళు. ఆమె మాట కాస్త కోస్తా వైపు ఒరిగి ఉండేది. పిల్లలు వెనకాల వెక్కిరించినా, ఆమె పాఠం మాత్రం చెవులు రిక్కించి వినేవారు.

ఆ రోజు పాఠం కేంద్రకామ్లాలు. మేడం బోర్డు మీద ఒక అయిదు మూలల బొమ్మ గీసింది.

"డీఎన్‌ఏ అయినా ఆర్‌ఎన్‌ఏ అయినా కట్టుబడి ఒకటేనమ్మా. ఒక చక్కెర, దానికి ఒక పక్క ఫాస్ఫేటు, ఇంకో పక్క ఒక నత్రజని క్షారం. ఈ మూడూ కలిస్తే ఒక న్యూక్లియోటైడు. దీని చక్కెరకు దాని ఫాస్ఫేటు, దాని చక్కెరకు ఇంకోదాని ఫాస్ఫేటు, అలా తగులుకుంటూ పోతే గొలుసు."

"మరి తేడా ఏంది మేడం?" అని ఎవరో అడిగారు.

"చక్కెరలోనే మొదలవుతుంది తేడా. ఆర్‌ఎన్‌ఏలో ఉండేది రైబోజ్. డీఎన్‌ఏలో ఉండేది డీఆక్సీరైబోజ్. అంటే ఆక్సిజన్ తీసేసిన రైబోజ్. ఇదిగో, ఈ రెండో కార్బన్ దగ్గర ఒకే ఒక్క ఆక్సిజన్. అది ఉండబట్టే ఆర్‌ఎన్‌ఏ తొందరగా తెగిపోతుంది. అది లేకపోబట్టే డీఎన్‌ఏ ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది."

తరవాత క్షారాల పేర్లు రాసింది. అడినిన్, గ్వానిన్, సైటోసిన్ రెండింటిలోనూ ఉంటాయి. నాలుగోది మాత్రం డీఎన్‌ఏలో థైమిన్, ఆర్‌ఎన్‌ఏలో దాని బదులు యురాసిల్. డీఎన్‌ఏ రెండు పేటల జడలా మెలితిరిగి ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఒంటిపేట. డీఎన్‌ఏ కణం నడిమధ్య కేంద్రకంలోనే కూర్చుంటుంది. అందులో రాసి ఉన్న మాటను ఆర్‌ఎన్‌ఏ తన అక్షరాల్లోకి ఎక్కించుకుని బయటికి మోసుకొస్తుంది. ఆ మాట ప్రకారమే ప్రోటీన్ తయారవుతుంది.

"అయితే డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తప్పు పడిందనుకోండి. ఆర్‌ఎన్‌ఏకి అది తప్పని తెలియదు కదా? ఉన్నది ఉన్నట్టు మోసుకొస్తుంది. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆర్‌ఎన్‌ఏలో జీ ఏ జీ అని రావలసిన చోట ఏ పోయి యూ వచ్చి, జీ యూ జీ అయిందంటే ఎర్రకణం గుండ్రంగా ఉండదు. కొడవలిలా వంగిపోతుంది. సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. దాంతో ఒళ్ళంతా నొప్పులు, రక్తహీనత. కొడవలి కణ వ్యాధి అంటారు. సికిల్ సెల్."

శ్యామల లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియలేదు.

"మేడం, వాళ్ళ కండ్లు పచ్చగ ఉంటయా?"

"అవునమ్మా, కామెర్ల వాళ్ళలా ఉంటాయి."

"వానకాలంల కాళ్ళు నొస్తయా? చల్లనీళ్ళల్ల దిగితే?"

నిర్మలాదేవి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "ఎవరికమ్మా?"

"మా తమ్మునికి" అంది శ్యామల. ఆ మాట అన్నాక ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

నిర్మలాదేవి ఆ వారమే గూడేనికి వచ్చింది. జంపయ్యకు నచ్చజెప్పి, నలుగురినీ బస్సెక్కించి ఖమ్మం తీసుకుపోయి రక్తపరీక్ష చేయించింది. పవన్‌కు సికిల్ సెల్ ఉందని తేలింది. జంపయ్య, చిన్నక్క, శ్యామల ముగ్గురూ వాహకులు. అంటే వాళ్ళలో ఒక ప్రతి మంచిది, ఒక ప్రతి తప్పుది. వాళ్ళకు జబ్బు రాదు, కానీ బిడ్డలకు అందించగలరు.

ఇంటికొచ్చాక శ్యామల అమ్మానాన్నలకు తమ కోయమాటలో చెప్పడానికి కూర్చుంది. రైబోజ్ చక్కెర దగ్గర మొదలుపెట్టింది. చిన్నక్క కంగారుపడి, "చక్కెరనా? అంటే వానికి షుగర్ బీమారా బిడ్డా?" అంది. పవన్ పకపకా నవ్వాడు. శ్యామలా నవ్వింది. అక్కరలేని చోట మొదలుపెట్టానని తెలుసుకుని, అసలు మాటకు వచ్చింది.

"ఒక్కరి దగ్గర్నుంచి వస్తే ఏం గాదు. ఇద్దరి దగ్గర్నుంచీ వస్తేనే ఈ రోగం. అమ్మ దగ్గర్నుంచి సగం, నాయన దగ్గర్నుంచి సగం."

జంపయ్య తల ఎత్తాడు. "నా దగ్గర్నుంచి గూడనా?"

"అవ్ నాయనా."

అతను చాలాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు. తరవాత లేచి బయటికి పోయి దడి పక్కన నిలబడ్డాడు. చిన్నక్క గిన్నెలో అన్నం పెట్టి పిలిచింది. రాలేదు. ఆమే గిన్నె పట్టుకుని దడి దగ్గరికి పోయింది.

"ఇన్నేండ్లు నిన్ను ఉత్తగనే అంటి" అన్నాడు జంపయ్య, ఆమె ముఖం చూడకుండా.

"తిను" అంది చిన్నక్క. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య మాటలు నడిచినట్టు శ్యామల వినలేదు. సారా మాత్రం మానలేదు జంపయ్య. తాగినా భార్యను ఆ మాట మళ్ళీ అనలేదు.

దవాఖానాలో పవన్‌కు రోజూ వేసుకోమని గోలీలు ఇచ్చారు. ఆరునెలలు తిరిగేసరికి వాడి ముఖానికి కళ వచ్చింది. నొప్పులు తగ్గాయి. బడిలో వెనకబడ్డా వాడి చేతులు చురుకైనవి. గూడెంలో పాడైన సెల్ ఫోన్లన్నీ విప్పి చూసేవాడు. పాల్వంచ బస్టాండు దగ్గర ఒకాయన ఫోన్ల షాపులో పనికి కుదిరాడు. రెండేళ్ళలో ఆ షాపుకు వచ్చేవాళ్ళు యజమానిని కాదు, పవన్‌నే అడిగేవారు.

"లోకంల అందరి సెల్లులు నేను బాగు చేస్త. నా సెల్లే ఎవ్వలికి బాగుచేయ రాదు" అనేవాడు. జబ్బు పేరు విన్ననాటి నుంచీ వాడికి అదొక నవ్వులాట.

శ్యామల డిగ్రీ చదువుతూ సెలవుకు వచ్చినప్పుడు ఒకసారి వాడు నిజంగానే అడిగాడు.

"అక్కా, ఆ ఆర్‌ఎన్‌ఏ జల్దీ తెగిపోతదంటివి గద?"

"అవ్."

"మరి తప్పు మాట మోసుకొచ్చింది అదే గద. అది తెగిపోతే తప్పు గూడ పోవాలె గద?"

శ్యామలకు ముచ్చటేసింది. కాలేజీలో ఎవరూ అడగని ప్రశ్న. "అది పోతే ఇంకోటి వస్తదిరా. అసలు రాత లోపల డీఎన్‌ఏల ఉన్నది. అది తెగదు, అరగదు. దాన్ని చూసి మళ్ళ మళ్ళ రాస్తనే ఉంటది."

"అంటే డిస్‌ప్లే మార్చినా లోపల సాఫ్ట్‌వేర్ గట్లనే ఉంటదన్నట్టు."

"గట్లనే."

"మరి ఈ గోలీ ఏం చేస్తది?"

"తప్పును దిద్దదు. నువ్వు అమ్మ కడుపుల ఉన్నప్పుడు నీ ఒంట్ల ఇంకో తీరు హిమోగ్లోబిన్ ఉండె. దాన్ని చేసే మాట పుట్టినంక మెల్లగ ఆగిపోతది. ఈ గోలీ ఆ పాత మాటను మళ్ళ పిలుస్తది. అది ఉంటే కణాలు అంతగనం వంగవు."

"మంచిగున్నది" అన్నాడు పవన్. అంతలో ఎవరో పగిలిన ఫోన్ పట్టుకొచ్చారు. వాడు అటు తిరిగిపోయాడు. గోలీ ఆపితే ఆ పాత మాట కూడా ఆగిపోతుందని శ్యామల చెప్పబోయింది, చెప్పలేదు. తరవాత ఏళ్ళ తరబడి ఆమెను తిన్నది ఆ ఒక్క వాక్యమే.

వరంగల్‌లో ఎమ్మెస్సీ చేస్తుండగా శ్యామలకు ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గోపాలు చేశాడు. పవన్ స్నేహితుడు, పాల్వంచలో షిఫ్టు కార్మికులను దించే బస్సు నడుపుతాడు. వానలో తడిసి పవన్‌కు జ్వరం వచ్చిందనీ, ఛాతీలో నొప్పి అంటుంటే భద్రాచలం దవాఖానాలో చేర్చాననీ చెప్పాడు.

ఆమె చేరేసరికి వాడి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. చిన్నక్క వాడి పాదాలు ఒడిలో పెట్టుకుని రుద్దుతోంది. కొడవలి కణాలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడ్డాయని డాక్టరు చెప్పాడు. గోలీల సంగతి అడిగాడు.

శ్యామల తమ్ముడి చెవి దగ్గర వంగింది. "గోలీలు ఎప్పటి నుంచి ఏసుకుంటలేవురా?"

"ఎండకాలం నుంచి" అన్నాడు. ఆ తరవాత నవ్వబోయాడు. "బాగైన ఫోన్‌ను మళ్ళ షాపుకు ఎవ్వలు తెస్తరక్కా?"

రక్తం ఎక్కించారు. మందులు మార్చారు. తెల్లవారి ఎండ వార్డు కిటికీలోంచి మంచాల మీద పడే వేళకు పవన్ పోయాడు. చిన్నక్కకు ఆ సంగతి వెంటనే తెలియలేదు. పాదాలు రుద్దుతూనే ఉంది. నర్సు వచ్చి ఆమె చేతులు పట్టుకుని ఆపింది.

దినాలయ్యాక శ్యామల పాల్వంచ షాపుకు వెళ్ళింది. తమ్ముడి సొరుగులో జనం బాగుచేయమని ఇచ్చిన ఫోన్లు అలాగే విప్పి ఉన్నాయి. ఏ మూత దేనిదో తెలియదు. గోపాలు డ్యూటీ దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి వచ్చినవాళ్ళకల్లా ఎవరి ఫోన్ వాళ్ళకు వెతికి ఇచ్చారు. కొందరు విసుక్కున్నారు, కొందరు పవన్ ఏడని అడిగారు. ఆ సమాధానం ప్రతిసారీ గోపాలే చెప్పాడు, ఆమె నోట చెప్పనీయలేదు.

అలా మొదలైంది. శ్యామల చదువు పూర్తయి, తాను చదివిన గురుకులంలోనే లెక్చరర్‌గా చేరేనాటికి ఇద్దరి మనసులూ ఒకటయ్యాయి. పెద్దలు కూర్చుని గట్లు చూశారు. కోయవాళ్ళలో ఒకే గట్టు వాళ్ళు అన్నదమ్ముల వరస, పెళ్ళి కుదరదు. వీళ్ళవి వేరు గట్లు. జంపయ్య సంతోషపడ్డాడు.

"గట్టు కలిసింది. ఇంకేం గావాలె?"

"నెత్తురు గూడ చూడాలె నాయనా" అంది శ్యామల.

గోపాలు నవ్వుతూనే పరీక్షకు చేయి చాపాడు. ఒంట్లో ఏనాడూ జ్వరం కూడా ఎరగనివాడు. రిపోర్టు వచ్చిన రోజు ఇద్దరూ ల్యాబు బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. అతనూ వాహకుడే.

"నలుగుట్ల ఒకరికే వస్తదంటున్రు" అన్నాడు గోపాలు. "ముగ్గురికి రాదు గద శ్యామలా."

"నలుగురు పుడితే ఒకరికని కాదు. పుట్టే ప్రతి బిడ్డకూ గంతే భయం. మా ఇంట్ల ఇద్దరమే పుట్టినం. ఆ ఒకడు పవనే."

"హైదరాబాద్‌ల కడుపుల ఉన్నప్పుడే చూస్తరట. అడిగిన నేను."

"చూసినంక? ఉన్నదంటే?"

గోపాలు చేతిలోని రిపోర్టు మడత పెట్టాడు.

"పవన్ అసొంటోడు వద్దని నా నోటితోని నేను చెప్పాలె. చెప్పలేను. మళ్ళ వాన్ని గట్ల కనీ చూడలేను. ఇంకొకరి సంగతి నాకు తెల్వదు గోపాలు. ధైర్యమున్నోళ్ళు చేసుకుంటరు, మంచిగనే ఉంటరు. నాకు లేదు."

"పిల్లలే వద్దనుకుందాం."

"ఇయ్యాల అంటవు. మీ అమ్మకు నువ్వొక్కనివే. పదేండ్లకు నీ మొఖం చూసి నేను బతకలేను."

అతనికి కోపం వచ్చింది. చదువుకున్నందుకే నీకిన్ని భయాలన్నాడు. తెలియకపోతే ఎంత బాగుండేదన్నాడు. ఆమె కాదనలేదు. షిఫ్టు వేళైందని లేచాడు, రెండడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అతని బస్సు ఆ పూట ఇంకొకరు నడిపారు.

మరుసటేడు గోపాలు వేరే అమ్మాయిని చేసుకున్నాడు. ముందుగా ఆ అమ్మాయికి పరీక్ష చేయించాడు, ఆమెలో తప్పు ప్రతి లేదు. శ్యామల తల్లిని వెంటబెట్టుకుని పెళ్ళికి వెళ్ళింది. డోలు దెబ్బలకు ఆడవాళ్ళు భుజాలు కలిపి ఆడుతుంటే చూస్తూ కూర్చుంది. భోజనం చేసింది. తిరుగు బస్సులో చిన్నక్క కూతురి తలను భుజానికి ఆనించుకుంది. దమ్మపేట వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

గురుకులంలో ఏటా ఆ పాఠం వస్తుంది. మొదటేడు శ్యామల దాన్ని గబగబా దాటించేసింది. చక్కెర, ఫాస్ఫేటు, యురాసిల్, ఒంటిపేట, అయిపోయింది. స్టాఫ్ రూంలో కూర్చుని, రిటైరై ఇంట్లో ఉంటున్న నిర్మలాదేవికి ఫోన్ చేసింది.

"చెప్పలేకపోతున్న మేడం."

"నేను ఆ రోజు ఉదాహరణే కదమ్మా చెప్పాను" అంది నిర్మలాదేవి. "క్లాసులో ఎవరింట్లో ఏముందో నాకేం తెలుసు? నీకు తెలుసు. కష్టమే. కానీ నువ్వే చెప్పాలి."

తరవాతి ఏడు నుంచి ఆమె పవన్ పేరు చెప్పి మరీ పాఠం చెబుతోంది. ఆర్‌ఎన్‌ఏ తెగిపోతుంది, డీఎన్‌ఏ మిగులుతుంది అన్నచోట ఆగుతుంది. వాడికి చెప్పకుండా విడిచిన వాక్యాన్ని అక్కడ చెబుతుంది. "నొప్పి పోయిందంటే తప్పు పోయినట్టు కాదు. గోలీ ఆపొద్దు. ఎవ్వలు చెప్పినా ఆపొద్దు." పిల్లల చేత తిరిగి చెప్పిస్తుంది. ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో పాఠమయ్యాక వరండాలో ఆమె కోసం కాచుకుని ఉంటారు. వాళ్ళను పరీక్షకు తీసుకుపోతుంది. కొందరికి సకాలంలో మందు అందింది. ఒక పిల్లకు అందినా దక్కలేదు.

సెలవుల్లో గూడేలకు పోయి పెళ్ళి మాటల్లో కూర్చోవడం కూడా మొదలుపెట్టింది. గట్టు చూసినట్టే నెత్తురూ చూడమంటుంది. చేసుకోండనీ చెప్పదు, వద్దనీ చెప్పదు. తెలుసుకుని నిర్ణయించుకోమంటుంది. కొందరు విన్నారు.

మొన్నటి ఎండాకాలం, వాళ్ళ గూడెంలోనే గోరి అనే ఆమె కూతురు పూలికి సంబంధం కుదిరింది. ఇద్దరూ ఇష్టపడ్డవాళ్ళే. పరీక్షలో ఇద్దరూ వాహకులని తేలింది. భయం లేదు, వైద్యం ఉంది, ఆలోచించుకోండని శ్యామల చెప్పేలోపే పిల్లవాడి తరఫువాళ్ళు లేచిపోయారు. పూలి ఎవరికీ చెప్పకుండా మిరపకోతలకు పోయే ఆడవాళ్ళతో కలిసి ఊరు దాటిపోయింది.

ఆ కబురు విని శ్యామల తల్లితో కలిసి గోరి ఇంటికి వెళ్ళింది. గోరి వాకిట్లో కుప్పపోసిన చింతకాయ ముందు కూర్చుని రాయితో కొట్టి పెచ్చులు తీస్తోంది. శ్యామలను చూడగానే చేతిలో రాయి పక్కన పడేసింది.

"నీకు పెండ్లి గాలే. నా బిడ్డ పెండ్లి గూడ చెడగొడితివి. ఏం పాఠమే నీది? నీ నెత్తురు పాఠం లేకుంటే అది నా ఇంట్ల నవ్వుకుంట ఉంటుండె గద?"

గోరి అన్నది అబద్ధం కాదు. చెప్పకపోతే పూలి ఇక్కడే ఉండేది, నవ్వుతూ ఉండేది. కొన్నేళ్ళకు ఏ నులక మంచం మీద ఎవరు మెలికలు తిరిగేవారో, అది ఎవరూ చూడని సంగతి. చూడనిదాన్ని తల్లికి ఎలా చూపించడం? "నన్ను తిట్టుకో పెద్దమ్మా, నేను పోయి పూలిని తోలుకొస్త. అది గట్ల ఒక్కతే ఉండొద్దు" అంది శ్యామల.

"ఏడున్నదని తోలుకొస్తవ్?" అని గోరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చిన్నక్క వెళ్ళి గోరి పక్కన నేల మీద చతికిలబడింది. పక్కన పడి ఉన్న రాయి తీసుకుని ఒక చింతకాయ కొట్టింది, పెచ్చు తీసి పండు చాటలో వేసింది. ఇంకోటి తీసుకుంది. కాసేపటికి గోరి ముక్కు చీది, మరో రాయి వెతుక్కుంది. శ్యామల చెప్పులు విడిచి వచ్చి వాళ్ళ ముందు కూర్చుని ఈనెలు తీయసాగింది. పూలితో ఎవరెవరు వెళ్ళారో, ఏ వైపు బండి ఎక్కారో గోరి ఒక్కొక్క మాటే చెబుతూ ఉంటే విన్నది.